నెదర్లాండ్స్‌లో స్థిరపడిన మన అబ్బాయిలకు బహిరంగ లేఖ: మీ భార్యతో రోజూ పది నిమిషాలు డచ్‌లో మాట్లాడండి

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఐంద్‌హోవెన్‌లోనో ఆమ్‌స్టల్‌వేన్‌లోనో ఏళ్లపాటు ఉద్యోగం చేసి, పర్మనెంట్ రెసిడెన్సీయో డచ్ పాస్‌పోర్టో చేతికొచ్చాక ఊరికొచ్చి పెళ్లి చేసుకుని, మూడు వారాల సెలవు అయిపోగానే భార్యను పుట్టింట్లోనో అత్తింట్లోనో ఉంచి మళ్లీ విమానమెక్కిన వాళ్లకు రాస్తున్న లేఖ ఇది. మీ పేర్లు నాకు తెలియవు. మీ భార్యల్లో కొంతమంది గొంతులు మాత్రం బాగా తెలుసు. గత రెండేళ్లుగా వాళ్లు ఒకరి ద్వారా ఒకరు నా నంబర్ తీసుకుని, సాయంత్రాలు ఫోన్ చేసి నాతో డచ్ ప్రాక్టీస్ చేస్తున్నారు. మీతో చేయాల్సిన ప్రాక్టీస్ అది.

మాది హనుమకొండ. పెళ్లైన నాలుగో నెలలో నాన్నను తోడు తీసుకుని కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వెళ్లి, చాణక్యపురిలో డచ్ ఎంబసీలో, భర్త దగ్గరికి వెళ్లే వీసాకు ముందు పాసవ్వాల్సిన డచ్ పరీక్ష రాశాను. మూడు భాగాల్లో రెండు పాసయ్యాను, మాట్లాడే పరీక్ష పోయింది. మళ్లీ చదివి, మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ అదే రైలెక్కి వెళ్లి పాసై, ఆ తర్వాత వీసా వచ్చి నేను నా భర్త దగ్గరికి చేరేసరికి పెళ్లై పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో కనీసం ఆరు నెలలు ఊరికే పోయాయని ఇప్పటికీ అనుకుంటాను. మొదటిసారి మా ఇద్దరికీ తెలియని ఒక్క విషయం మీకు ముందే తెలిస్తే చాలు, మీ భార్యకు ఆ ఆరు నెలలు మిగులుతాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి, అందుకే పరీక్ష సంగతి మొదటి నుంచి చెప్తాను. డచ్ పౌరుడినో, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఉన్నవాడినో పెళ్లి చేసుకున్న ఇండియా అమ్మాయి, అతని దగ్గరికి వెళ్లి కాపురం చేయడానికి ఎంవీవీ అనే వీసా కావాలంటే ముందు ఈ పరీక్ష పాసవ్వాలి. 2006 మార్చి నుంచి ఉన్న నిబంధన. ఇందులో డచ్ సమాజం గురించి ఒక భాగం, చదవడం ఒక భాగం, మాట్లాడటం ఒక భాగం. ఫీజులు 40, 50, 60 యూరోలు, మొత్తం 150. ఏ భాగం పోతే దాన్ని మాత్రమే మళ్లీ రాయొచ్చు. స్థాయి ఏ1, అంటే అన్నిటికంటే కింది మెట్టు. అమెరికా, కెనడా, జపాన్ లాంటి కొన్ని దేశాల పౌరులకు ఈ పరీక్ష లేదు. మనకు ఉంది.

ఇంకో సంగతి, చాలా ఇళ్లలో గొడవలకు కారణమైంది ఇదే. మీ ఆఫీసులోనే స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద పనిచేస్తున్న మీ ఫ్రెండ్ భార్య ఒక్క డచ్ ముక్క రాకుండా, ఏ పరీక్షా రాయకుండా నేరుగా విమానం దిగుతుంది. ఎందుకంటే ఆ పర్మిట్ మీద ఉన్నవాళ్ల కుటుంబాలకు ఈ పరీక్ష మినహాయింపు. మీరు పాస్‌పోర్ట్ తెచ్చుకున్నారు కాబట్టి మీ భార్యకు పరీక్ష వచ్చింది. ఈ సంగతి తెలియక అత్తగారి తరఫు వాళ్లు "ఫలానా వాళ్ల కోడలు రెండు నెలల్లో వెళ్లిపోయింది, నువ్వెందుకు ఇంకా ఇక్కడే ఉన్నావు" అని అడుగుతూ ఉంటారు. నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీరు. మీ అమ్మానాన్నలకు మీరే ఫోన్ చేసి చెప్పండి, ఇది కోడలి తెలివితేటల విషయం కాదు, నా పాస్‌పోర్ట్ వల్ల వచ్చిన నిబంధన అని.

ఇప్పుడు అసలు విషయం. మాట్లాడే పరీక్షలో మనిషి ఉండడు. ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాం, చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైక్. స్క్రీన్ మీద ఒకరు వీడియోలో ప్రశ్న అడుగుతారు, మనం జవాబు చెప్పాలి. అది రికార్డవుతుంది, తర్వాత దిద్దుతారు. ఇది మొదటి రకం. రెండో రకంలో సగం వాక్యం వినిపిస్తారు, మిగతా సగం మనం పూర్తి చేయాలి. అంతే. ప్రశ్నలు కూడా మీ ఇల్లు ఎలా ఉంటుంది, పొద్దున ఏం తింటారు, సెలవు రోజు ఏం చేస్తారు, ఈ రకంవే. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, మీరు కూడా ఫోన్‌లో "ఏ1 యే కదా, అంత టెన్షన్ ఎందుకు" అంటారు. నా భర్త కూడా అన్నాడు.

నేను మొదటిసారి ఎలా చదివానో చెప్తాను, ఎందుకంటే మీ భార్య కూడా ఇప్పుడు దాదాపు అలాగే చదువుతూ ఉంటుంది. డచ్ సమాజం గురించిన 100 ప్రశ్నలకు జవాబులు ఇంటర్‌లో చదివినట్టు కంఠస్థం చేశాను. ఫోన్ యాప్‌లో రోజూ గంట సేపు బొమ్మకు తగిన మాట నొక్కేదాన్ని, వందల మాటలు వచ్చాయి. ఆన్‌లైన్‌లో ఒక కోచింగ్‌లో చేరాను, ముప్పై మందిమి, మైకులన్నీ మ్యూట్‌లో, సార్ చెప్తుంటే నోట్సు రాసుకోవడం. నాలుగు నెలల్లో రెండు నోటుబుక్కులు నిండాయి. ఆ నాలుగు నెలల్లో నేను నోరు తెరిచి డచ్‌లో ఒక మనిషికి జవాబు చెప్పింది ఎన్నిసార్లంటే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఢిల్లీలో స్క్రీన్ మీద ఆవిడ "మీ ఇంటి గురించి చెప్పండి" అనగానే నాకు ఇల్లు, గది, కిటికీ, వంటిల్లు అన్ని మాటలూ తెలుసు, ఏదీ నోటికి రాలేదు. మనసులో ముందు తెలుగులో వాక్యం పెట్టుకుని, దాన్ని ఇంగ్లిష్ చేసి, ఆ తర్వాత డచ్ చేసేసరికి టైమ్ అయిపోయి తర్వాతి ప్రశ్న వచ్చేసింది. ఆ తర్వాత సగం వాక్యాలు మొదలయ్యాయి, అక్కడ ఇంకా కష్టం, ఎందుకంటే ఎదుటివాళ్లు ఆపిన చోట అందుకోవాలంటే వాళ్ల మాట వింటూనే మనం ముందుకు ఆలోచించాలి.

మాటలు తెలియడం వేరు, మాట నోటికి రావడం వేరు. రెండోది మరో మనిషితో మాట్లాడితేనే వస్తుంది. ఆ మనిషి మీరే. ఎందుకంటే హనుమకొండలోనో తెనాలిలోనో ఆమెకు డచ్ వచ్చిన మనిషి మీరు తప్ప ఇంకెవరూ లేరు.

"నాకూ డచ్ సరిగ్గా రాదు, ఆఫీసులో అంతా ఇంగ్లిషే" అని మీరు అంటారు. ఇది నేను చాలాసార్లు విన్నాను, ఫోన్‌లో అమ్మాయిలు చెప్తే. కానీ పౌరసత్వానికైనా పర్మనెంట్ రెసిడెన్సీకైనా అక్కడ ఇన్‌బుర్ఖరింగ్ అనే, డచ్ భాష, సమాజం తెలుసా అని చూసే పరీక్ష పాసవ్వాలి, కాబట్టి మీలో దాదాపు అందరూ కనీసం ఏ2 పాసైన వాళ్లే. ఆమె రాసేది మీరు పాసైన దానికంటే ఒక మెట్టు కింద. మీ డచ్ ఆమెకు సరిపోతుంది. తుప్పు పట్టింది అంటారా, ఆమెతో పాటు మీదీ వదులుతుంది. నిజంగా మీకు ఏమీ గుర్తులేదు అనుకుంటే మీ ఊరి లైబ్రరీకి వెళ్లండి, అక్కడ చాలా లైబ్రరీల్లో వారానికోసారి భాషా కేఫేలు జరుగుతాయి, కాఫీ తాగుతూ స్థానికులతో డచ్ మాట్లాడొచ్చు. శనివారం ఒక గంట. ఆమె ఢిల్లీ దాకా ఒక రోజంతా రైల్లో వెళ్తుంది, మీరు సైకిల్ మీద లైబ్రరీ దాకా వెళ్లలేరా?

రెండోసారి నా భర్త చేసింది ఇది. మధ్యాహ్నం పన్నెండున్నరకు అతని లంచ్, మాకు ఎండాకాలంలో సాయంత్రం నాలుగు, చలికాలంలో అయిదు. లంచ్‌లో మొదటి పది నిమిషాలు డచ్. ఆ పది నిమిషాల్లో తెలుగు లేదు, ఇంగ్లిష్ లేదు. మొదటి వారం ఘోరంగా ఉండేది, ఇద్దరం మౌనంగా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. ఒకరోజు అతను "నేను అడుగుతాను, నువ్వు ఒక్క మాటే చెప్పు, చాలు" అన్నాడు. ఏం తిన్నావు? అన్నం. ఎవరు వండారు? అమ్మ. బయట ఎలా ఉంది? వేడి. రెండో వారం ఒక్క మాట కాస్తా మూడు మాటలైంది. మూడో వారం నేనే అతన్ని అడగడం మొదలుపెట్టాను. తప్పులు దిద్దొద్దని నేను చెప్పాను, చివర్లో ఒక్క తప్పు మాత్రం చెప్పు అన్నాను. ఇది చాలా ముఖ్యం. మాట్లాడుతుండగా మధ్యలో ఆపి "డె కాదు హెట్" (రెండూ ఇంగ్లిష్ "ది" లాంటి మాటలే) అంటే ఆ రోజుకి ఇంక నోరు మూతపడుతుంది. ఏ1 స్థాయిలో చిన్న చిన్న వ్యాకరణ తప్పులు పెద్ద విషయం కాదు, చెప్పింది అవతలివాళ్లకు అర్థమవ్వాలి. డె, హెట్ అనేవి మన భాషలో లేనే లేవు, అవి ఆమెకు అక్కడికి వచ్చాక మెల్లగా వస్తాయి.

అతను ఇంకో పని కూడా చేశాడు, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. నా భర్త ఆవిడను అడిగి, రోజూ ఒక ప్రశ్న ఆవిడ గొంతుతో రికార్డు చేయించి నాకు వాట్సాప్‌లో పంపేవాడు. భర్త గొంతు, అతని తెలుగు యాసలో డచ్ మనకు అలవాటైపోతుంది, పరీక్షలో గొంతులు వేరేగా ఉంటాయి కాబట్టి అది చాలా పనికొచ్చింది. నేను జవాబు రికార్డు చేసి పంపితే ఆవిడ "చాలా బాగుంది" అని వాళ్ల భాషలో తిరిగి పంపేవారు. పరీక్ష పాసైన సంగతి మా అమ్మకంటే ముందు ఆవిడకు తెలిసింది. మీకూ పక్కింటివాళ్లు ఉంటారు, ఆఫీసులో డచ్ వాళ్లు ఉంటారు. అడగడానికి మొహమాటపడకండి. నాకు తెలిసినంతలో, మన వాళ్లు వాళ్ల భాష నేర్చుకుంటున్నారంటే వాళ్లు సంతోషంగా సాయం చేస్తారు.

భాష గురించి కూడా కొంచెం చెప్పాలి. కోచింగుల్లో ఇంగ్లిష్ ద్వారా చెప్తారు, దాంతో మన అమ్మాయిలు ఇంగ్లిష్ రాని వాళ్లకు డచ్ రాదనుకుని భయపడుతున్నారు. తెలుగు నుంచి డచ్‌కు దగ్గర దారులు చాలా ఉన్నాయి. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్లకు యు, యెయ్ ఉన్నాయి, ఎవరిని ఏమనాలో మనకు ఒకరు నేర్పక్కర్లేదు. మన్ అంటే మగమనిషి, మాన్ అంటే చందమామ, ఈ హ్రస్వం దీర్ఘం తేడా తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. "ఇక్ హెప్ రైస్ట్ ఖెఖేటెన్" అంటే నేను అన్నం తిన్నాను, తినడం అనే మాట చివరికే వస్తుంది. "ఒమ్‌డట్ ఇక్ ఇన్ ఇండియా వోన్", ఎందుకంటే నేను ఇండియాలో ఉంటాను, ఇక్కడ కూడా క్రియ చివరికే పోయింది. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే ఇది తికమక, తెలుగులో ఆలోచిస్తే మన వాక్యమే. నాకు ఈ సంగతి రెండోసారి చదివేటప్పుడు తట్టింది, ఆ రోజు నుంచి మనసులో ఇంగ్లిష్ మెట్టు తీసేశాను.

కష్టమైనవి కూడా ఉన్నాయి. వాళ్ల ఖ మన ఖ కాదు, గొంతులో గీరుకుంటూ రావాలి, హైదరాబాద్ ఉర్దూలో ఖాన్, ఖబర్ అనేటప్పుడు వినిపించే శబ్దం అది. మా వరంగల్ వైపు అమ్మాయిలకు అది త్వరగా పట్టుబడింది, కోస్తా అమ్మాయిలకు రెండు రోజులు ఎక్కువ పట్టింది, అంతే. ఇల్లు అనే మాటలో అచ్చు హౌస్‌కూ హైస్‌కూ మధ్యలో ఎక్కడో ఉంటుంది, వినీ వినీ అనాల్సిందే, రాసి చూపించలేం. మనం ప్రతి మాటకీ చివర ఒక ఉకారం తగిలిస్తాం, బస్సు, లిస్టు అన్నట్టు. కుడివైపు అనడానికి వాళ్లు రెఖ్ట్స్ అంటారు, మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి, చివర అచ్చు లేకుండా ఆపాలి. టైమ్ దగ్గర మోసపోవద్దు: "హాల్ఫ్ అఖ్ట్" అంటే ఎనిమిదిన్నర కాదు, ఏడున్నర. ఇరవై అయిదుని అయిదూ ఇరవై అంటారు. ఇవన్నీ ఫోన్‌లో మీరు ఆడించాల్సిన ఆటలు. "ఇప్పుడు నీ దగ్గర టైమ్ ఎంత, నా దగ్గర ఎంత" అని రోజూ అడిగితే చాలు, ఎండాకాలంలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర గంటల తేడా మీద ఒక నెల పాఠం నడుస్తుంది.

ఒక విషయంలో మన అమ్మాయిలు అనవసరంగా కష్టపడుతున్నారు. నిజం చెప్పాలనుకుంటారు. "మీకు అన్నదమ్ములు ఉన్నారా" అంటే మనకు పెద్దనాన్న కొడుకు అన్నే, పిన్ని కొడుకు తమ్ముడే, మేనమామ కొడుకు బావ. వాళ్ల భాషలో పెద్దనాన్న కొడుకైనా మేనమామ కొడుకైనా అక్క కొడుకైనా అందరూ "నేఫ్". నాతో ప్రాక్టీస్ చేసిన ఒక చెల్లి ఈ ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు ఆగిపోయింది, సొంత అన్నలు లేరు కానీ అన్నలు నలుగురు ఉన్నారు, లేరంటే మనసొప్పదు, ఉన్నారంటే అబద్ధం. ఆమెకు చెప్పాను, వాళ్లు నీ వంశవృక్షం అడగడం లేదు, నీ నోట ఒక వాక్యం వినాలనుకుంటున్నారు. ఇద్దరు అన్నలున్నారు అని చెప్పేసి ముందుకు వెళ్లు. పొద్దున పెసరట్టు తిన్నా సరే, దాన్ని వర్ణించాలని చూడకు, బ్రెడ్ తిన్నాను, టీ తాగాను అను. ఇది మీరు కూడా చెప్పండి, మీరు చెప్తే ఆమెకు ధైర్యంగా ఉంటుంది.

సగం వాక్యాలకు కూడా ఫోనే మంచి సాధనం. మీరు "నేను బజారుకు వెళ్తున్నాను, ఎందుకంటే..." అని డచ్‌లో అని ఆగిపోండి, ఆమె "పాలు లేవు" అనాలి. "వాన పడితే..." అని ఆపండి, "ఇంట్లో ఉంటాను" అనాలి. వంట్ (ఎందుకంటే), మార్ (కానీ), అల్స్ (అయితే), ఒమ్‌డట్ (ఇదీ ఎందుకంటే), ఈ నాలుగు మాటలు వినగానే తర్వాత ఏ రకం వాక్యం రావాలో చెవికి తెలిసిపోయేదాకా ఆడండి. మేము దాన్ని అంత్యాక్షరిలా ఆడేవాళ్లం.

ఇంటి పెద్దవాళ్లకు ఒక మాట. ఆ అమ్మాయికి తలుపు వేసుకునే ఒక గది, రోజూ ఒక గంట ఇవ్వండి. గట్టిగా చదవాలి, తనలో తాను మాట్లాడుకోవాలి, గొంతులోంచి వింత శబ్దాలు చేయాలి. హాల్లో అందరి ముందు కూర్చుని ఇది చేయమంటే ఎవరూ చేయలేరు. నవ్వకండి. పరీక్ష పోయిందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, కానీ ఆ సాయంత్రం పక్కింటావిడ "ఇంగ్లిష్ మీడియం చదివించినా పాసవ్వలేదా" అని అమ్మను అడిగిన మాట నాకు వంటింట్లోకి వినిపించింది. చాలా రోజులు ఏడ్చాను. అలాంటి మాటలు మీ గడప దాటి లోపలికి రాకుండా చూడండి.

ఈ నిబంధన న్యాయమా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. 2008లోనే హ్యూమన్ రైట్స్ వాచ్ దీన్ని వివక్ష అంది. 2015 జూలైలో యూరోపియన్ యూనియన్ కోర్టు పరీక్ష పెట్టుకోవచ్చు కానీ కుటుంబం కలవడం అసాధ్యమయ్యేలా, మరీ కష్టమయ్యేలా ఉండకూడదంది, అప్పటి 350 యూరోల ఫీజు, దానిపైన పుస్తకాలకు 110 యూరోలు చాలా ఎక్కువ అంది. ఆ తర్వాతే ఫీజు ఇప్పుడున్న స్థాయికి తగ్గింది. కొన్ని దేశాల వాళ్లకు మినహాయింపు ఇచ్చి మనకు పెట్టడం తప్పు అనే నా అభిప్రాయం. కానీ ఆ వాదన తేలేదాకా మీ భార్య ఎదురుచూడలేదు. పైగా ఇక్కడితో అయిపోదు, వచ్చాక మళ్లీ ఇన్‌బుర్ఖరింగ్ ఉంటుంది, 2022 జనవరి నుంచి వచ్చిన కొత్త చట్టంలో లక్ష్యం బి1, అంటే ఏ2 కంటే పై మెట్టు. ఇప్పుడు నోరు తెరవడం అలవాటైతే అప్పుడు సగం బరువు దిగుతుంది. నాకు అలాగే జరిగింది. వచ్చిన రెండో వారంలో ఒక్కదాన్నే మున్సిపాలిటీ కౌంటర్ దగ్గరికి వెళ్లి నా పని నేను చేసుకుని వచ్చాను.

నెదర్లాండ్స్‌లోని తెలుగు సంఘాల వాళ్లను కూడా అడుగుతున్నాను. ఉగాదికి, బతుకమ్మకు హాలు బుక్ చేసి వందల మందికి భోజనాలు పెట్టగలిగిన వాళ్లు మీరు. వారానికోసారి, ఆదివారం ఒక గంట, వీడియో కాల్‌లో, ఇండియాలో పరీక్షకు చదువుతున్న అమ్మాయిలతో డచ్‌లో మాట్లాడటానికి అయిదుగురు మనుషులను కూర్చోబెట్టండి. డబ్బు అక్కర్లేదు. భర్త షిఫ్టుల్లో పనిచేసే వాళ్లకు, భర్తకు ఓపిక లేని వాళ్లకు అదొక్కటే దారి.

కోచింగ్‌కు డబ్బు కట్టాను కదా అని ఊరుకోకండి. డబ్బు కట్టింది నిజమే, దానికి ఆమె కృతజ్ఞతగానే ఉంది. ఆమెకు కావాల్సింది మీ నోట ఒక ప్రశ్న, దానికి ఆమె తడుముకుంటూ జవాబు చెప్పేదాకా మీరు తొందరపడకుండా ఆగడం.

ఇవాళ ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" అని ఎలాగూ అడుగుతారు. ఈసారి ఇవాళ ఏం తిన్నావని డచ్‌లో అడగండి: "వట్ హెప్ యె ఫన్‌డాఖ్ ఖెఖేటెన్?" ఆమె కంగారుపడి తెలుగులోకి వస్తుంది. నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అదే నిదానంతో అడగండి.

ఇట్లు,
మీ అక్కో చెల్లో అనుకోండి,
ఐంద్‌హోవెన్ నుంచి ఒక హనుమకొండ అమ్మాయి